ఇంటి వేడి ప్లాన్ గీసిన రోజే ఖాయమవుతుంది

మే నెలలో, హైదరాబాద్‌లో, రాత్రి పదింటికి పడకగది పడమటి గోడ మీద చెయ్యి ఆనించి చూడండి. పొద్దుగూకి మూడు గంటలు దాటినా గోడ ఇంకా కాగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం పడ్డ ఎండ తొమ్మిది అంగుళాల ఇటుక గోడను దాటి లోపలికి రావడానికి చాలా గంటలు పడుతుంది. సరిగ్గా మనం నడుం వాల్చే వేళకు ఆ వేడి గదిలోకి దిగుతుంది. అప్పుడు ఏసీ వేస్తాం.

పర్యావరణానికి మేలు చేసే ఇల్లు అనగానే ఇప్పుడు అందరి నోటా సోలార్ మాటే. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లు పెట్టించుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. మంచి పథకమే, పెట్టించుకోవాల్సిందే. కానీ ఆ సోలార్ పలకలు కరెంటు తీసేది పగలు, పడకగదిలో ఏసీ నడిచేది రాత్రి. పగలు మనం లైనుకు ఇచ్చిన కరెంటును బిల్లులో మినహాయించే నెట్ మీటర్ వల్ల ఖర్చు తగ్గవచ్చు గానీ, రాత్రి మన ఇంటికి వచ్చే కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గు కాల్చి తీస్తున్నదే. అందుకే ముందు ఇంట్లోకి వచ్చే వేడిని ఆపాలి, సోలార్ సంగతి ఆ తర్వాత చూడాలి. ఈ వరుస తప్పుతున్నామన్నదే నా బాధ.

వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతిలో ఉండాలంటారు. మధ్యాహ్నం తర్వాత ఎండ బాగా తినే మూల కూడా అదే. నమ్మకాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. బరువు నైరుతిలో ఉండాలని, మెట్లు దక్షిణానికో పడమరకో రావచ్చని చెప్పేదీ ఆ వాస్తే. మెట్లు, బట్టల బీరువాలు, సామాన్ల గది పడమటి గోడ వెంబడి వరుసగా పెడితే ఎండ దెబ్బ అవి కాస్తాయి, మంచం గోడకు దూరంగా జరుగుతుంది. స్థలముంటే ఆ వైపు వేపో కానుగో నాటుకోవచ్చు. నూటయాభై గజాల స్థలంలో చెట్టుకు చోటుండదు, కాబట్టి కనీసం ఆ ఒక్క గోడకైనా ఏఏసీ బ్లాకుల్లాంటి తేలికపాటి ఇటుక వాడి, లేత రంగు వేయించాలి. ఎలివేషన్ కోసం అదే గోడకు ముదురు రంగు టైల్స్ అంటించిన ఇళ్లు వీధికి నాలుగు కనిపిస్తున్నాయి.

గోడకంటే పెద్ద సమస్య స్లాబు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడ కూడా పడదు. అంటే వేసవి ఎండను నేరుగా మోసేది డాబానే. అయినా దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎందుకంటే రేపో ఎల్లుండో పైన ఇంకో అంతస్తు వేస్తాం కదా! పిల్లర్ల మీద ఇనుప చువ్వలు తుప్పు పడుతూ పదిహేనేళ్లు నిలబడతాయి, కింద కాపురమున్నవాళ్లు పదిహేను వేసవులు ఉడికిపోతారు. పండక్కి గోడలకు కొట్టే సున్నం ఏటా ఎండలు ముదరకముందే డాబా మీద రెండు పూతలు కొట్టినా తేడా తెలుస్తుంది. ఎండను తిప్పికొట్టే కూల్ పెయింటు ఇంకా నయం. పగిలిన పింగాణీ టైల్స్ ముక్కలు పరిపిస్తే మరెన్నో ఏళ్లు ఉంటాయి. సోలార్ పలకలను మనిషి నిలబడేంత ఎత్తులో స్టాండు మీద బిగిస్తే స్లాబుకు నీడా దొరుకుతుంది, కింద బట్టలు ఆరేసుకోవచ్చు.

ఈ ఉపాయాలన్నీ అన్ని ఊళ్లకూ ఒకేలా పనిచేయవు. అనంతపురంలో పొడి వేడి, రాత్రి గాలి చల్లబడుతుంది. అందుకే పగటి వేడి లోపలికి దిగకుండా రాయలసీమ మిద్దెల మీద మందంగా చవుడు మట్టి పరిచేవారు. కాకినాడలో రాత్రయినా ఉక్కపోతే. అక్కడ గోడ మందం కంటే గాలి ఆడటం ముఖ్యం, ఎదురెదురు కిటికీలు ముఖ్యం. ఇవాళ రెండు ఊళ్లలోనూ అదే ప్లాను, అదే స్లైడింగ్ కిటికీ. రెండు పలకల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, అంటే డబ్బిచ్చి కొన్న కిటికీలో సగం గాలి వదులుకున్నట్టే. సన్‌షేడ్ కూడా తీసేస్తే వాన పడినప్పుడు ఆ సగమూ మూసేయాల్సిందే.

మండువా లోగిళ్లకు తిరిగి వెళ్దామని నేను అనడం లేదు. పెంకులు సర్దే మనుషులు దొరకడం కష్టం, కోతులున్న ఊళ్లో ఆ బాధ చెప్పనక్కర్లేదు. ఆ ఇళ్ల నుంచి తెచ్చుకోదగింది వసారా. ఎండకూ గదికీ మధ్య నీడ ఉండాలన్న ఆ లెక్క సిమెంటు ఇంటికీ సరిపోతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. 2018లో కేంద్రం ఇళ్ల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. గోడల గుండా ఎంత వేడి రావచ్చో, కిటికీలు ఎంత తెరుచుకోవాలో అందులో లెక్కలున్నాయి. కానీ అది 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకు. డాబాలు వేడెక్కకుండా చూసేందుకు 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా ఇళ్ల విషయంలో 600 గజాల నుంచే తప్పనిసరి, అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. వంద గజాల్లో, రెండు వందల గజాల్లో అప్పు చేసి ఇల్లు కట్టుకునేవాళ్లు ఈ రెండింటికీ బయటే ఉండిపోయారు. వేడి ఎక్కువ పడుతున్నది వాళ్లకే.

తెలంగాణలో 2020 నుంచి 500 చదరపు మీటర్ల లోపు స్థలాల్లో, పది మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తోంది. ఆ పత్రంలో ఇంకో రెండు ప్రశ్నలు చేర్చవచ్చు: డాబా మీద తెల్లపూత ఉందా, పడమటి కిటికీలకు సన్‌షేడ్ ఉందా? ఉందన్నవారికి అనుమతి రుసుములో కొంత తగ్గించినా చాలు, మేస్త్రీ దగ్గర ఆ మాట స్లాబు వేయకముందే వస్తుంది.