వైరు మీద బాణం

మా సడ్డకుడు నల్లగొండలో పానగల్లు రోడ్డు వైపున్న ప్లాటు అమ్మి స్పీకర్లు కొన్నాడు. చుట్టాలంతా నవ్వారు. నేను నవ్వలేదు. ప్లాటు ఏం పాడుతుంది? గడ్డి మొలుస్తుంది, పక్కవాడు హద్దురాయి జరుపుతాడు, అంతే. ఖరీదైన ఆడియో సామాను మీద పెట్టిన ప్రతి రూపాయీ సద్వినియోగమేనని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు కుర్చీ సంగతి. రెండు స్పీకర్లకూ సమాన దూరం ఉండేలా టేపు పట్టి కొలిచి, గ్రానైటు బండ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, హాలు మధ్యలో ఒకే ఒక్క కుర్చీ వేశాడు. పాట అసలు రూపం ఆ కుర్చీలోనే వినిపిస్తుందట. ఇంట్లో ఆరుగురున్నారు. మిగతా ఐదుగురికీ దక్కేది ఆయన విన్నాక మిగిలిన ఎంగిలి పాట.

నన్ను మర్యాదగా ఆ కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని పాట పెట్టాడు. "అన్నా, సప్పుడుకూ సప్పుడుకూ నడుమ ఆ నిశ్శబ్దం చూసినవా? ఎంత నల్లగున్నదో!" అన్నాడు. ఈ భక్తుల పరిభాషలో నేపథ్యం నల్లగా ఉండటం గొప్ప గుణం. మూడు లక్షల ఆంప్లిఫయర్ ఇచ్చే నలుపు అది. ఊరి పేరులోనే నలుపు పెట్టుకుని, కరెంటు పోయిన ప్రతిసారీ దాన్ని ఉచితంగా అనుభవించినవాణ్ని, అయినా గుర్తుపట్టలేకపోయాను. సిగ్గేసింది.

ఇక వైరు. మూడు మీటర్లు, 60,000 రూపాయలు. పాము కుబుసం లాంటి తొడుగు, దాని మీద సిగ్నల్ ఎటు పారాలో చెప్పే బాణం గుర్తు. ఓ రోజు దాని పిన్ను ఊడితే, టంకం పెట్టించడానికి ఇద్దరం బోరు మోటార్ల వైండింగ్ షాపుకు పోయాం. షాపాయన బ్లేడుతో కొస గీకి, వెలుతురుకు పట్టి చూశాడు.

"రాగే సార్. మంచి రాగే. దీంతోని అయిదు హెచ్‌పీ మోటరు నడుస్తది. పాటలకు ఇంత లావెందుకు?"

మా సడ్డకుడు జవాబివ్వలేదు. షాపాయన బాణం చూశాడు. "ఇదెందుకు సార్? స్పీకరుకు పోయేది ఏసీయే గద. పోతది, మళ్లొస్తది."

ముప్పై ఏళ్లుగా మోటార్లు చుడుతున్న మనిషి. చేతిలో మీటరుంది గానీ మనసులో భక్తి లేదు. టంకానికి 40 రూపాయలు తీసుకున్నాడు. ఆ వైరు కొన్నాక నా చెవికి స్పష్టంగా తెలిసిన తేడా ఆ టంకం ఒక్కటే. అంతకుముందు ఎడమ స్పీకరు మోగలేదు.

నాస్తికులు అన్నిచోట్లా ఉన్నారు. మేయర్, మోరాన్ అనే ఇద్దరు అమెరికాలో హై రెజల్యూషన్ డిస్కులనూ, అదే సంగీతాన్ని మామూలు సీడీ స్థాయికి దించిన రూపాన్నీ, ఏది ఏదో చెప్పకుండా జనానికి వినిపించి 2007లో ఫలితాలు అచ్చేశారు. 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరిగ్గా చెప్పారు. రూపాయి బిళ్ల ఎగరేస్తే 277 వచ్చేవి. దీన్నిబట్టి నాకు తేలిందేమిటంటే, వాళ్లకు ముందుగా బిల్లు చూపించలేదు. బిల్లు చూడకుండా వింటే ఎవరికైనా ఏం తెలుస్తుంది?

స్పీకరు పైన సన్నటి శబ్దాలు పలికే చిన్న ట్వీటరు ఒకటుంది, 40,000 హెర్ట్జ్ దాకా పలుకుతుందట. మనిషి చెవి పడుచుతనంలోనే 20,000 దగ్గర ఆగిపోతుంది. మాకు యాభై ఎనిమిదేళ్లు, అందులో సగం బోరు బండ్ల పక్కన గడిచినవి. కుక్కలకు మాత్రం 40,000 పైన కూడా వినిపిస్తుంది. గేటు దగ్గర పడుకునే వీధికుక్క చెవులు రిక్కిస్తే ఆ ట్వీటరు డబ్బులు గిట్టుబాటైనట్టే లెక్క.

ఇంతకీ మొదటి నెలంతా సౌండు బాగా లేదు. వైరు ఇంకా "తెరుచుకోలేదు", 200 గంటలు మోగాలన్నాడు. డప్పు కాచేవాళ్లు గడ్డిమంట మీద అయిదు నిమిషాల్లో చేసే పనికి ఇక్కడ 200 గంటలు పట్టడం, ధరను బట్టి చూస్తే న్యాయమే. ఇంతలో ముసురు పట్టింది. మా మరదలు ఉతికిన బొంతలు ఆరక, హాల్లో అడ్డంగా దండెం కట్టి నాలుగు ఆరేసింది. ఆ సాయంత్రం నాకు ఫోనొచ్చింది. "అన్నా, వైరు తెరుచుకున్నది! జల్ది రా!"

పోయి విన్నాను. నిజంగానే బాగుంది. కింద గ్రానైటు, చుట్టూ బోడి గోడలు, చప్పట్లు కొడితే గుడి మంటపంలా మోగే హాలు అది. ఇప్పుడు గొంతు గొంతులా వినిపిస్తోంది. నేను బొంతల వైపు చూశాను. మరదలు నా వైపు చూసింది. ఇద్దరం నోరు మెదపలేదు. మూడోరోజు ఎండ కాసింది, బొంతలు తీసేసింది. వైరు మళ్లీ మూసుకుంది.

దోషం కరెంటులో ఉందని ఆయన తేల్చాడు. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నం వేసి శుద్ధి చేసే పద్ధతికి నీరీ అనే జాతీయ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు మన ఊరి పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్ అంటారు. కరెంటుకు అలాంటిది ఇంకా రాలేదు కాబట్టి 80,000 పెట్టి కరెంటును వడగట్టే డబ్బా కొన్నాడు. అదీ చాల్లేదు. జపాన్‌లో కొందరు ఆడియో అభిమానులు ఇంటి ముందు సొంత స్తంభం పాతించి, సొంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకున్నారని 2016లో వచ్చిన వార్త ఎవరో పంపారు. చదివి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మొన్న నన్ను వెంటబెట్టుకుని లైన్‌మన్ దగ్గరికి పోయాడు. విడిగా స్తంభం కావాలి, విడిగా ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఖర్చంతా తానే పెట్టుకుంటానని చెప్పాడు. లైన్‌మన్ అంతా శ్రద్ధగా విని, చెవి మీది పెన్ను తీసి కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డయి సార్?"