ఉపవాసం ముందు షుగర్ మాత్రల సంగతి అడగండి

ప్రకృతి చికిత్స మీద మీరు రాసిన వ్యాసంలో మట్టి పట్టీ, తొట్టి స్నానం గురించి బాగా రాశారు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, షుగర్. రెండేళ్ల క్రితం పది రోజులు ఒక ప్రకృతి చికిత్సాలయంలో ఉంచాం. పొద్దున్నే పొట్ట మీద అరగంట తడి మట్టి పట్టీ, తర్వాత తొట్టి స్నానం. బొడ్డు దాకా చల్లటి నీళ్లు, కాళ్లు మాత్రం తొట్టి బయట. మొదటి రోజు అమ్మ వణికిపోయింది. నాలుగో రోజుకు అందరికంటే ముందు తనే వెళ్లి కూర్చునేది! మలబద్ధకం తగ్గింది, నిద్ర పట్టింది. మోకాళ్ల నొప్పి పోలేదు గానీ మెట్లు దిగడం కాస్త సులువైంది.

ఉపవాసం గురించి మాత్రం మీరు ఒక్క ముక్కతో సరిపెట్టారు. రెండో రోజు అమ్మను తేనె, నిమ్మరసం మీదే ఉంచారు. షుగర్‌కు వాడే గ్లిమిపిరైడ్ మాత్ర ఎప్పటిలాగే వేసుకుంది. పదకొండింటికి చెమటలు, చేతుల వణుకు. చూస్తే షుగర్ 58కి పడిపోయింది. ఆ మాత్ర మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుందని మాకు అప్పటిదాకా తెలియదు. చేరేటప్పుడు అమ్మ వాడే మందుల గురించి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివిన డాక్టరు ఉన్న చోటికే వెళ్లమంటున్నాను. షుగర్, బీపీ మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. ఉపవాసం రోజుల్లో ఏ మాత్ర వేసుకోవాలో, ఏది తగ్గించాలో మీకు రోజూ మందులిచ్చే డాక్టరునే ముందుగా అడగండి.