డాబా మీది సోలార్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మా డాబా మీది మూడు కిలోవాట్ల సోలార్ గారికి,

మీరు క్షేమమని తెలుసు. నిన్న మధ్యాహ్నం పైకొచ్చి మీ ప్యానెల్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. కింద మేమే ఉడికిపోయాం. పదకొండింటికి పోయిన కరెంటు మూడింటికి వచ్చింది. మే నెల, నడినెత్తిన సూర్యుడు, ఇంటి మీద ఆరు ప్యానెళ్లు, ఇంట్లో ఒక్క ఫ్యాను తిరగదు! గోడ మీది మీ ఇన్వర్టర్ 'నో గ్రిడ్', అంటే వీధి లైన్లో కరెంటు లేదు అని చూపిస్తూ ఎర్ర లైటు వేసుకుని కూర్చుంది. పక్కింటి బాబాయి గారేమో పాత బ్యాటరీతో ఫ్యానేసుకుని, పిట్టగోడ మీంచి "ఏమోయ్, మీకు సోలార్ ఉందిగా?" అని పలకరించారు.

మిమ్మల్ని అంటగట్టినాయన "కరెంటు కోత అంటే ఏంటో మర్చిపోతారు సార్" అన్నాడు. నిన్న ఫోన్ చేస్తే "అది ఆన్‌గ్రిడ్ సార్, అంతే సార్" అట.

మీరిచ్చిందీ మేం వాడిందీ విడివిడిగా లెక్కేసే నెట్ మీటర్ రాకముందు మీరు లైన్లోకి పంపిన కరెంటుని కూడా పాత మీటరు మేం వాడినట్టే లెక్కేస్తే నోర్మూసుకున్నాం. వడియాలు పెట్టుకునే చోటంతా ఆక్రమించినా, వారం వారం మీకు స్నానం చేయించాల్సొచ్చినా ఏమీ అనలేదు.

కానీ ఇది మాత్రం మింగుడు పడట్లేదు. లైన్లో కరెంటు కనబడితేనే మీరు పనిచేస్తారట. అది పోయిన రెండు సెకన్లలో మీరూ ఆగిపోవాలట, లేకపోతే ఎల్‌సీ తీసుకుని, అంటే లైన్లో కరెంటు ఆపించుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మీ కరెంటు వెనక నుంచి తగులుతుందట. సరే, అతని ప్రాణం ముందు మా ఫ్యానెంత, ఒప్పుకున్నాం. మరి వీధి లైన్‌తో తెగతెంపులు చేసుకుని మా ఇంటి వరకైనా ఇవ్వచ్చుగా? దానికి హైబ్రిడ్ ఇన్వర్టర్ వేరే ఉంటుందట, మబ్బు పట్టినప్పుడు సర్దుకోవడానికి బ్యాటరీ కూడా కావాలట. బ్యాటరీ పెట్టుకున్నా కేంద్రం సబ్సిడీ మాత్రం అదే 78,000. మా ఆవిడ ఆ బ్యాటరీ ధర విని, విసనకర్ర నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మంచి ఎండ కాస్తే రోజుకి పన్నెండు యూనిట్ల దాకా ఇస్తారు, కాదనను. బిల్లు చేతికొచ్చిన రోజు మీ మీద ప్రేమ పొంగుతుంది కూడా. నిజానికి మీమీద కోపం ఎందుకు, మీరు రూలు ప్రకారమే పడుకున్నారు. మిమ్మల్ని అంటగట్టినాయన నాలుగు పేజీల కొటేషన్‌లో స్టాండు పైపు మందం రాశాడు, నట్టూ బోల్టూ రాశాడు, పాతికేళ్ల వారంటీ పెద్దక్షరాల్లో రాశాడు. కరెంటు పోతే ఇదీ పోతుంది అని ఒక్క లైను రాయడానికి వాడికి ఏం రోగం?

ఇట్లు,
కింది పోర్షన్ వాళ్లు