పది గిగాబిట్ స్విచ్ కొన్నా షేర్ స్లోగానే ఉందా?

"అన్నా, షేర్ బాగా స్లోగా ఉంది" అనే మెసేజ్ చూస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. షేర్ అంటే నెట్‌వర్క్‌లో అందరూ కలిసి వాడుకునే ఫోల్డర్. ఏది స్లో? పెద్ద వీడియో ఫైల్ కాపీ అవడమా? ఫోల్డర్ తెరుచుకోవడమా? వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఎక్కించడమా? ఇవి మూడూ వేర్వేరు జబ్బులు. మందు మాత్రం అందరూ ఒకటే రాస్తారు: నెట్‌వర్క్ అప్‌గ్రేడ్ చేయండి. స్విచ్ మారుతుంది, కార్డులు మారతాయి, కేబుళ్లు మారతాయి, బడ్జెట్ అయిపోతుంది. షేర్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

కింద సెఫ్ లాంటి డిస్ట్రిబ్యూటెడ్ స్టోరేజీ (డేటాని చాలా మెషిన్ల డిస్కుల్లో పంచిపెట్టేది), దాని మీద సాంబా (లినక్స్ సర్వర్‌లోని ఫోల్డర్లని విండోస్‌కి షేర్‌గా చూపించేది), ఇటువైపు విండోస్ మెషిన్లు ఉన్న సెటప్ గురించి మాట్లాడుతున్నాను. ఇలాంటి చోట చాలాసార్లు కొరత పడేది బ్యాండ్‌విడ్త్‌కి, అంటే లైన్ సెకనుకి మోయగల డేటాకి, కాదు. ప్రతి చిన్న పనికీ అవతలి నుంచి జవాబు వచ్చేదాకా ఆగాలి కదా, టైమంతా అక్కడే పోతుంది. అదే లేటెన్సీ.

నమ్మకపోతే లెక్క వేసుకోండి. ఒక్కోటి 4 కేబీ ఉన్న 10,000 ఫైళ్లు కాపీ చేయాలి. ఓపెన్ చేయడం, రాయడం, అట్రిబ్యూట్లు పెట్టడం, టైమ్ సెట్ చేయడం, క్లోజ్ చేయడం అని ఒక్కో ఫైలుకి ఐదుసార్లు సర్వర్‌ని పలకరించాలనుకుందాం. ఒక్కో జవాబుకి 2 మిల్లీసెకన్లు. మొత్తం 100 సెకన్లు. డేటా ఎంత? 40 ఎంబీ. మామూలు గిగాబిట్ లైన్‌కి అది అర సెకను పని కూడా కాదు. మిగిలిన 99 సెకన్ల పైచిలుకు వైరు ఖాళీగానే ఉంది. దాన్ని పది గిగాబిట్లు చేస్తే ఖాళీ ఇంకాస్త పెరుగుతుంది, అంతే.

ఆ 2 మిల్లీసెకన్లు ఎక్కడివంటారా? సెఫ్‌లో డిఫాల్టుగా ప్రతి డేటాకీ మూడు కాపీలు. రాత ముందు ప్రైమరీ ఓఎస్‌డీకి (ఓఎస్‌డీ అంటే ఒక్కో డిస్కుని చూసుకునే సెఫ్ ప్రోగ్రామ్) వెళ్తుంది, అది మిగతా రెండింటికీ పంపుతుంది, మూడు చోట్లా డిస్కు మీద పడ్డాకే "అయింది" అని జవాబొస్తుంది. అంటే మూడింట్లో నత్తనడక ఎవరిదో వాళ్లదే అందరి వేగం. చావుకి దగ్గరపడిన డిస్కు ఒక్కటి ఉన్నా చాలు, దాని పాలబడ్డ రాతలన్నీ చతికిలబడతాయి. 'సెఫ్ ఓఎస్‌డీ పెర్ఫ్' కమాండ్ కొట్టి చూడండి. కమిట్ లేటెన్సీ కాలమ్‌లో అన్నీ ఒకంకె, రెండంకెల్లో ఉండి, ఒక్కటే మూడంకెల్లో కనిపిస్తే దొంగ దొరికినట్టే. తమాషా ఏమిటంటే అప్పటికీ సెఫ్ స్టేటస్‌లో హెల్త్ ఓకే అని పచ్చగానే ఉండొచ్చు. డిఫాల్టుగా ఒక రిక్వెస్టు 30 సెకన్లు ఇరుక్కుంటేగానీ స్లో ఆప్స్ (పనులు నెమ్మదించాయి) అనే వార్నింగ్ రాదు. వాడేవాళ్లకి అర సెకను ఆలస్యమే నరకం.

చవగ్గా వస్తున్నాయని మామూలు పీసీ ఎస్‌ఎస్‌డీలు పెట్టే ముచ్చట ఇంకోటి. డబ్బా మీద స్పీడు అంకెలు కళ్లు చెదిరేలా ఉంటాయి. కానీ సెఫ్ అడిగేది అది కాదు, రాసిన ప్రతి ముక్కా కరెంటు పోయినా నిలిచేలా పడిందని అప్పటికప్పుడు హామీ. పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న డ్రైవుల్లో కెపాసిటర్లు ఉంటాయి కాబట్టి వాటి క్యాష్‌లో పడగానే ఆ హామీ ఇచ్చేస్తాయి. లేనివి ఫ్లాష్ దాకా వెళ్లి రావాలి. ఎఫ్‌ఐఓ అనే డిస్కు పరీక్ష ప్రోగ్రామ్‌తో 4 కేబీ సింక్ రాతలు (ఆ హామీ వచ్చాకే అయినట్టు లెక్క), క్యూ డెప్త్ 1 (ఒకసారికి ఒక్క రాతే) పెట్టి పరీక్షిస్తే ఆ డబ్బా మీది అంకెల రంగు బయటపడుతుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన విలన్, ఎవరూ అనుమానించనిది: ఫైలు పేర్లలో పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు. విండోస్‌కి పెద్ద అక్షరాలతో రాసినా చిన్న అక్షరాలతో రాసినా అదే ఫైలు. లినక్స్‌కి అవి రెండు ఫైళ్లు. మధ్యలో నలిగేది సాంబా. కొత్త ఫైలు పెట్టమని విండోస్ అడిగిన ప్రతిసారీ, అదే పేరు ఇంకో అక్షరాల వేషంలో ఇప్పటికే ఉందేమోనని ఫోల్డర్ మొత్తం వెతకాలి. లోకల్ డిస్కు మీద ఇది పెద్దగా తెలియదు. సెఫ్ఎఫ్‌ఎస్‌లో (సెఫ్ ఇచ్చే ఫైల్ సిస్టమ్) ఆ జాబితా కోసం ఫైళ్ల పేర్లు, వివరాలు చూసుకునే మెటాడేటా సర్వర్ దగ్గరికి పోవాలి. ఒకే ఫోల్డర్‌లో లక్ష స్కాన్ కాపీలు కుక్కి, "మొదట్లో బాగానే ఉండేది, రోజురోజుకీ స్లో అవుతోంది" అని ఎవరైనా అంటే నా మొదటి అనుమానం దీనిమీదే. సాంబా కాన్ఫిగ్‌లో ఆ షేర్‌కి 'కేస్ సెన్సిటివ్' ఆన్ చేసి, 'డిఫాల్ట్ కేస్' చిన్న అక్షరాలకి పెట్టి, 'ప్రిజర్వ్ కేస్', 'షార్ట్ ప్రిజర్వ్ కేస్' రెండూ ఆఫ్ చేస్తే ఆ వెతుకులాట తప్పుతుంది. కానీ ఉన్న ఫైళ్ల పేర్లన్నీ ముందే చిన్న అక్షరాల్లోకి మార్చాలి, లేకపోతే అవి దొరకవు. నన్నడిగితే అంతకన్నా సుఖం, నెలకో ఫోల్డర్ చేసుకోవడం. దానికి ఎవరూ ఒప్పుకోరనుకోండి, అది వేరే కథ.

ఇప్పుడు అసలు కోపం. ఎక్కడో పాత కాలం నాటి సాంబా 'సాకెట్ ఆప్షన్స్' లైను ఒకటి తిరుగుతూ ఉంటుంది, సెండ్ బఫర్ 65536, రిసీవ్ బఫర్ 65536 అని. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియదు, ప్రతి కాన్ఫిగ్‌లోనూ ఉంటుంది. లినక్స్ ఆ బఫర్లని (పంపే, అందుకునే డేటా కాసేపు ఆగే మెమరీ) అవసరాన్ని బట్టి తనే పెంచుకుంటుంది. మీరు ఒక అంకె పెట్టారంటే ఆ ఆటోట్యూనింగ్ ఆగిపోతుంది. ఇది నా సొంత పైత్యం కాదు, సాంబా మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంది. తీసేయండి బాబూ.

దీన్ని మించిన ఘనకార్యం సాంబాలో 'స్ట్రిక్ట్ సింక్' ఆఫ్ చేయడం. 2017లో వచ్చిన సాంబా 4.7 నుంచి అది డిఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది, ఊరికే పెట్టలేదు. ఆఫ్ చేస్తే స్పీడు ఎగిరి గంతేస్తుంది నిజమే. ప్రోగ్రామ్ "డిస్కు మీద పడిందా?" అని అడిగితే పడకుండానే పడిందని చెప్తుంటే ఎగరక ఏం చేస్తుంది? సర్వర్ ఒక్కసారి దబ్బున ఆగిపోతే ఆ అబద్ధం ఖరీదు అకౌంట్స్ ఫైలు రూపంలో కట్టాలి. ట్యూనింగ్ పేరుతో ఇది చేసి చప్పట్లు కొట్టించుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

నెట్‌వర్క్ పతివ్రత అనడం లేదు. సర్వర్లలో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెట్టి స్విచ్‌లో మర్చిపోతే పింగ్ బ్రహ్మాండంగా పోతుంది, పెద్ద ప్యాకెట్లు మాయమవుతాయి. ఫ్రాగ్మెంట్ (ముక్కలు) చేయొద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ పంపితే నిమిషంలో తేలిపోతుంది. లైన్ వేగం కొలిచే ఐపెర్ఫ్3తో ఇంకో నిమిషం. ఈ రెండూ చేయకుండా నెట్‌వర్క్‌ని తిట్టొద్దు, చేశాక బాగానే వస్తే ఇంకా తిట్టొద్దు.

వెతికేటప్పుడు కింద నుంచి పైకి రండి. ముందు రాడోస్ బెంచ్, అంటే సెఫ్‌ని నేరుగా కొలిచే కమాండ్. తర్వాత సాంబా నడిచే మెషిన్‌లోనే సెఫ్ఎఫ్‌ఎస్ మౌంట్ చేసి, సాంబాని పక్కనపెట్టి అదే ఫోల్డర్ కాపీ. ఆ తర్వాత లినక్స్ క్లయింట్ నుంచి సాంబా ద్వారా. చివరగా విండోస్, యాంటీవైరస్ ఆపి ఒకసారి, ఆపకుండా ఒకసారి. ఏ మెట్టు దగ్గర అంకె ధబాలున పడిందో అక్కడ ఆగి తవ్వండి. ప్రతిసారీ అవే ఫైళ్లు వాడండి. ఒకసారి సినిమా ఫైలు, ఇంకోసారి ఫోటోలు పెట్టి పోల్చి ఏమీ లాభం లేదు.

ఇంతా చేశాక అంతా సరిగ్గానే ఉందని తేలితే? తేలుతుంది, చాలాసార్లు. అప్పుడు కాపీ చేసే పద్ధతి మార్చాలి. ఎక్స్‌ప్లోరర్‌లో లాగి వదలడం మానేసి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్‌కి ఎంటీ ఆప్షన్ ఇస్తే డిఫాల్టుగా ఎనిమిది థ్రెడ్లు ఒకేసారి పనిచేస్తాయి, ఒకడు జవాబు కోసం ఆగినా మిగతావాళ్లు ఆగరు. వేల చిన్న ఫైళ్లున్న కోడ్ ఫోల్డర్లని షేర్ మీద పెట్టి అక్కడే బిల్డ్ చేసేవాళ్లు మాత్రం దయచేసి వాటిని లోకల్ డిస్కుకి దించుకుని, పనయ్యాక ఒకే జిప్‌గా షేర్‌లో పెట్టండి. ఆ ఒక్క ఫైలు లైన్ ఇచ్చినంత వేగంతో వెళ్తుంది, మీరు కొన్న స్విచ్ కూడా అప్పుడే పనికొస్తుంది.