వేడి పంపిణీలో పక్షపాతం

సముద్రం మీద విచారణ వేయాల్సిందే.

భూమధ్యరేఖ దగ్గర ఎండ కుప్పలు తెప్పలు, ధ్రువాల దగ్గర బొటాబొటీ. ఈ తేడాను సర్దే పనిలో పెద్ద వాటా గాలిది, మిగతాది సముద్రానిది. గాలికి ఎటూ నిలకడ లేదు, దాన్ని వదిలేద్దాం. పెద్దమనిషిలా కనిపించే సముద్రమైనా అందరికీ సమానంగా పంచాలి కదా!

పంచదు. అమెరికా తూర్పు తీరం వెంట సాగే వెచ్చటి సముద్ర ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్‌నే చూడండి. ఫ్లోరిడా జలసంధి దగ్గరే సెకనుకు దాదాపు 3 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు మోస్తుంది. ప్రపంచంలోని నదులన్నీ కలిసినా అందులో ఇరవయ్యో వంతు ఉండవు. ఆ వెచ్చదనంలో మంచి వాటా యూరప్ వైపుకే. ఆర్కిటిక్ వలయానికి పైనున్న రష్యా రేవు మూర్మన్‌స్క్ చలికాలంలోనూ గడ్డకట్టదు. కెనడా తూర్పు తీరంలోని లాబ్రడార్ దక్షిణ కొస లండన్ అక్షాంశంలోనే ఉంది, అయినా దాని వాటాకు వచ్చింది ఉత్తరం నుంచి దిగే చల్లటి ప్రవాహం. (ఇందులో పడమటి గాలుల చెయ్యి కూడా ఉందంటారు. ముద్దాయిని తప్పించే ఎత్తుగడ!) పెరూ తీరానికైతే హంబోల్ట్ ప్రవాహం చల్లటి నీళ్లు తెచ్చి, వాన పడనివ్వకుండా చేసి, పక్కనే ఎడారి పెట్టింది.

రెండో అభియోగం, జాప్యం. గ్రీన్‌లాండ్ పరిసరాల్లో ఉప్పునీరు తన వేడిని గాలికి అప్పజెప్పి, చల్లబడి, బరువెక్కి మునుగుతుంది. అడుగున దేశాలన్నీ తిరిగి మళ్లీ పైకి తేలడానికి దానికి వెయ్యేళ్ల దాకా పట్టవచ్చు. ఏ ఆఫీసులోనూ ఫైలు అన్నాళ్లు అడుగున పడి ఉండదు. ఉండదనే అనుకుంటున్నాను.

లెక్కలు చూపమంటే మాత్రం తప్పించుకోలేదు. 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అట్లాంటిక్‌లో 2004 నుంచి పరికరాలు దించి కొలుస్తున్నారు. అక్కడ ఉత్తరానికి పోయే వేడి సుమారు 1.2 పెటావాట్లు, అంటే 120 కోట్ల మెగావాట్లు. మనుషులంతా కలిసి వాడే శక్తి అందులో యాభయ్యో వంతు కూడా కాదు. ఇంత సరుకు కదిలినా బిల్లు లేదు, రసీదు లేదు!

ఇక సముద్రం చెప్పుకునే సాకులు. మన పొగ వల్ల భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతం దాకా దాని నెత్తినే పడుతోందట. గ్రీన్‌లాండ్ మంచు కరిగి మంచినీళ్లు కలవడంతో ఉప్పు పలచబడి, నీటికి మునిగేంత బరువు చాలడం లేదట. ఈ శతాబ్దంలో అట్లాంటిక్‌లో ఆ మునిగి తిరిగే ప్రవాహం మందగిస్తుందని శాస్త్రవేత్తలూ వంత పాడుతున్నారు. ఒళ్లంతా ఉప్పే ఉండి, ఇంత విశ్వాసం లేకపోతే ఎలా?

నా సిఫారసు: వేగం తగ్గించినందుకు సముద్రానికి షోకాజ్ నోటీసు ఇవ్వాలి. జవాబు వచ్చేలోగా మన వైపు నుంచి వేడి సరఫరాకు ఎలాంటి అంతరాయమూ కలగకుండా చూడాలి.