పెట్టెలో వచ్చిన ఫ్యానును తిట్టకండి

మే నెల మధ్యాహ్నం, విజయనగరంలో మేడ మీద గది. స్లాబు నుంచి సెగ దిగుతోంది, సీలింగ్ ఫ్యాను ఆ సెగనే గది నాలుగు మూలలకూ పంచుతోంది. మా మేనల్లుడు కంప్యూటర్ తెర మీద ఒక అంకె చూపించాడు, కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్ చిప్పు ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో చెప్పేది. 91. "మామయ్యా, ప్రాసెసర్‌తో ఊరికే ఇచ్చిన ఈ కూలర్ దండగ. రెండు వేలు పెడితే మంచిది వస్తుంది" అన్నాడు. నేను రెండు వేలు తీయలేదు, స్క్రూడ్రైవర్ తెమ్మన్నాను. గోడకు అతుక్కుపోయినట్టున్న బల్లను జానెడు ముందుకు జరిపాం. క్యాబినెట్ పక్క తలుపు ఊడదీశాం. వాడు అప్పటిదాకా నడుపుతున్న పనే మళ్లీ మొదలుపెట్టి పావుగంట చూస్తే అంకె 80 దగ్గర నిలబడింది. కూలర్ మారలేదు, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు మారలేదు. మారిందల్లా వేడిగాలి బయటికి పోయే దారి.

పెట్టెలో వచ్చే స్టాక్ కూలర్ల నాణ్యత మీద జరిగే వాదనలన్నీ నాకు ఆ తలుపు మూసి ఉన్నప్పటి వాదనల్లాగే కనిపిస్తాయి. ప్రాసెసర్లు తయారుచేసే రెండు కంపెనీల్లో ఏఎండీవాళ్ల రెయిత్ స్టెల్త్ గొప్పదా, ఇంటెల్‌వాళ్ల లామినార్ ఆర్‌ఎం1 గొప్పదా అని కుర్రాళ్లు గంటలు గంటలు కొట్టుకుంటారు. నా తీర్పు ముందే చెప్పేస్తాను. తక్కువ ఖర్చు కంప్యూటర్‌కు రెండూ సరిపోతాయి. అసలు తేడా లోహం దగ్గర కాదు, బిగింపు దగ్గర ఉంది, అక్కడ ఏఎండీది పైచేయి. కొత్త కూలర్ కోసం తీసిన డబ్బు మాత్రం పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు చోట పెట్టిన డబ్బే.

మొదట లెక్క చూద్దాం. కూలర్ అనే పేరే మనల్ని మోసం చేస్తోంది. అది దేన్నీ చల్లబరచదు. ప్రాసెసర్ వేడిని అల్యూమినియం రెక్కల్లోకి లాగి, చుట్టూ ఉన్న గాలికి అప్పగిస్తుంది. చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా ప్రాసెసర్‌ను ఉంచడం ఏ ఫ్యాను తరమూ కాదు, అది ఐదు వందలదైనా ఐదు వేలదైనా. మనం నెట్‌లో చూసే పరీక్షలు చాలావరకు 21, 22 డిగ్రీల ఏసీ గదుల్లో చేసినవి. అలాంటి 21 డిగ్రీల గదిలో పూర్తి భారం మీద ప్రాసెసర్ 70 డిగ్రీలు చూపించిందనుకోండి, కూలర్ పనితనం 70 కాదు, గది కంటే 49 ఎక్కువ. అదే కూలర్ శ్రీకాకుళంలో 36 డిగ్రీల గదిలో పెడితే 85 చూపిస్తుంది. కూలర్ చెడిపోయిందా? లేదు, ఊరు మారింది. మూసిన క్యాబినెట్లో లోపలి గాలి గది గాలి కంటే మరో ఎనిమిది పది డిగ్రీలు వేడెక్కితే 95. అప్పుడు మన కుర్రాడు కంగారుపడి కూలర్‌ను తిడతాడు. పదిహేను డిగ్రీలు ఎండది, పది డిగ్రీలు క్యాబినెట్‌ది, నింద మాత్రం ఊరికే వచ్చిన ఫ్యానుది.

ఆ 85 చూసి భయపడాల్సిన పని కూడా లేదు. ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600కు తయారీదారు చెప్పిన పరిమితి 90 డిగ్రీలు, 5600జీకి 95, ఇంటెల్ ఐ5-12400కు 100. పరిమితి దగ్గరికి వస్తే ప్రాసెసర్ కాలిపోదు, తన వేగం తానే తగ్గించుకుంటుంది. పైగా ఆ పూర్తి భారం పరీక్షలు మామూలు వాడకంలో ఎదురుకావు. ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్ అనే ప్రోగ్రామ్ అరగంట నడిపేవాడు పరీక్షకుడు. మన దగ్గర టాలీ నడుస్తుంది, పోటీ పరీక్షల మాక్ టెస్టులు నడుస్తాయి, సాయంత్రం ఒక ఆట నడుస్తుంది. నిజంగా ప్రాసెసర్‌ను పిండేది వైశాఖ ముహూర్తాల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోవాళ్లే. వాళ్ల సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు బిగింపు. అసలు నాణ్యత ఇక్కడ ఉంది, ఎవరూ మాట్లాడనిదీ ఇదే. ఇంటెల్ 2004లో ప్రాసెసర్‌ను కూర్చోబెట్టే ఎల్‌జీఏ775 సాకెట్‌తో పాటు కూలర్‌ను మదర్‌బోర్డుకు పట్టి ఉంచే పుష్ పిన్ అనే ఒక ప్లాస్టిక్ మేకును మన నెత్తిన పెట్టింది. 2022లో పన్నెండో తరం ప్రాసెసర్లతో ఆర్‌ఎం1 అనే కొత్త కూలర్ వచ్చింది, చుట్టూ నీలి వలయంతో చూడటానికి ముచ్చటగా ఉంది. కాళ్లు మాత్రం అవే. పద్దెనిమిదేళ్లలో సాకెట్లు మారాయి, ఎల్‌జీఏ1700కు వచ్చేసరికి ఆ మేకులు దిగే బోర్డు రంధ్రాల మధ్య దూరం కూడా 75 మిల్లీమీటర్ల నుంచి 78కి మారింది. మేకు మారలేదు.

ఆ మేకును ఒకసారి దగ్గరగా చూడండి. తెల్లటి గొట్టం, కొసన రెండుగా చీలి ఉంటుంది. దాని లోపల నల్లటి పుల్ల. తెల్లది బోర్డు రంధ్రంలో పూర్తిగా దిగాక నల్లదాన్ని బొటనవేలితో నొక్కితే అది చీలికలోకి దూరి, తెల్ల కొసలను విడదీసి బోర్డు వెనక పట్టుకునేలా చేస్తుంది. టక్కుమని శబ్దం రావాలి. నాలుగు మూలలనూ ఎదురెదురుగా నొక్కాలి. మూడు టక్కుమంటాయి. నాలుగోది నొక్కుతుంటే బోర్డు విల్లులా వంగుతుంది, చెయ్యి వణుకుతుంది, ఎక్కడ విరుగుతుందోనన్న భయంతో అక్కడే ఆపేస్తాం. పైనుంచి చూస్తే అన్నీ దిగినట్టే ఉంటాయి. కూలర్ ఒక మూల వెంట్రుకవాసి లేచి ఉంటుంది. అంత ఖాళీ చాలు, ప్రాసెసర్ ఉష్ణోగ్రత పరిమితిని తాకడానికి నిమిషం కూడా పట్టదు. దీనికి మందు ఒక్కటే. బోర్డును క్యాబినెట్లో పెట్టకముందే కూలర్ బిగించి, తిరగేసి, వెనక నాలుగు చోట్లా తెల్ల కొసలు విచ్చుకుని నల్ల మొన బయటికి కనిపిస్తోందా అని చూడాలి. ఒకసారి విప్పాక మేకు తలను బాణం గుర్తు వైపు తిప్పిన సంగతి మరిచిపోయి అలాగే మళ్లీ నొక్కితే పట్టదు. దుకాణంలో వరసగా పది కంప్యూటర్లు అసెంబుల్ చేసే పిల్లవాడికి ఇంత ఓపిక ఉంటుందని కంపెనీ ఎలా అనుకుందో నాకు అర్థం కాదు.

రెయిత్ స్టెల్త్ చూడండి. రెండు అంగుళాల కంటే కాస్త ఎత్తు, అంతా అల్యూమినియమే, రాగి ముక్క లేదు, రంగు దీపాలు లేవు. పేదింటి పిల్ల. కానీ నాలుగు స్ప్రింగు స్క్రూలు బోర్డు వెనకున్న ఇనుప పలకలోకి దిగుతాయి. తిప్పుతూ పోతే ఒకచోట ఆగుతుంది. ఆగిందంటే బిగిసింది, అంతే. అనుమానానికి చోటు లేదు. తప్పు చేయడానికి వీలు తక్కువగా ఉండటమే నా దృష్టిలో చవక వస్తువు నాణ్యత. ఖరీదైన వస్తువును నిపుణుడు బిగిస్తాడు, చవక వస్తువును ఎవరు పడితే వాళ్లు బిగిస్తారు.

ఏఎండీ ఏమీ దేవత కాదు. ఏఎం4 అనే పాత సాకెట్ ఉన్న బోర్డులో కూలర్ విప్పేటప్పుడు ఎండిన పేస్టు జిగురులా పట్టుకుని, ప్రాసెసర్ కూడా ఒక్కోసారి సాకెట్లోంచి ఊడి కూలర్ అడుగున వేలాడుతూ వస్తుంది. సూదుల్లాంటి కాళ్లు వంగిపోతే ఏడుపే. కాసేపు కంప్యూటర్ నడిపి, పేస్టు వేడిగా ఉండగానే ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెలితిప్పి తీస్తే ఆ గొడవ ఉండదు. దాని తర్వాత వచ్చిన ఏఎం5లో సూదులు బోర్డులోకే వెళ్లిపోయాయి కాబట్టి ఆ భయమే లేదు.

ఎదుటివాళ్ల మాటా వినాలి. నాలుగు హీట్‌పైపుల నిలువెత్తు టవర్ కూలర్, వేడిని రెక్కలకు మోసే గొట్టాలున్నది, రెండు వేల లోపే వస్తోంది, రొద తక్కువ, వేడి తక్కువ, ఇంకేం కావాలి అంటారు. రొద సంగతి ఒప్పుకుంటాను, ఎండాకాలంలో స్టెల్త్ ఫ్యాను పూర్తి వేగంతో తిరిగితే పక్క గదికి వినిపిస్తుంది. ఐ7-12700 లాంటి దానికి, టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 180 వాట్లు తాగేదానికి, ఆర్‌ఎం1 ఇచ్చి పంపడం పిసినారితనమే. పైన చెప్పిన స్టూడియోవాళ్లు అలాంటిది కొంటే టవర్ పెట్టుకోవాల్సిందే. కానీ అది తక్కువ ఖర్చు కంప్యూటర్ కాదు. ఐ5-12400 మూల పరిమితి 65 వాట్లు, టర్బోలో 117. రైజెన్ 5 5600 కాగితం మీద 65, తాగేది దాని కంటే కాస్త ఎక్కువ, అంతే. నిజంగా నిప్పుల కుంపటి లాంటి ప్రాసెసర్లతో కంపెనీలే కూలర్ ఇవ్వడం మానేశాయి. ఇంటెల్ 2015లో ఆరో తరంలో వేగం మనమే పెంచుకోగల కె రకాలతోనే మానేసింది, ఏఎండీ 2020లో 5800ఎక్స్‌తో ఇవ్వలేదు. పెట్టెలో కూలర్ ఉందంటే దానితో నడుస్తుందనే చాలావరకు అర్థం.

ఇక క్యాబినెట్. చవక క్యాబినెట్లకు ముందువైపు గాజు పలక ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లను ఒక్క మే నెల పలాసలో ఉంచాలి. గాజు వెనక మూడు రంగుల ఫ్యాన్లు, వాటికి ఊపిరి పీల్చుకోవడానికి పక్కన వేలెడు సందు. పెళ్లికొడుకుకు సిల్కు జుబ్బా వేసి ముక్కు మూసినట్టు. ఆ డబ్బుకే జాలీ ఉన్న ఇనుప ముఖం క్యాబినెట్ వస్తుంది, కానీ అది మెరవదు కదా. మనది సముద్రపు గాలి కూడా. కళింగపట్నం వైపు ఇళ్లలో ఉప్పు, తేమ స్క్రూల తలలను తినేస్తాయి. వంటింటి నూనె ఆవిరి, అగరుబత్తి పొగ దుమ్ముతో కలిసి ఫ్యాను కింద రెక్కల మధ్య బూడిదరంగు దుప్పటిలా పేరుకుంటుంది. ఆరు నెలలకోసారి ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని పెయింటింగ్ కుంచెతో దులిపితే, కొత్త కూలర్ కొన్నంత ఫలితం ఉంటుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు, అంటే బయోస్‌లోకి వెళ్లి 5600జీని 65 వాట్ల నుంచి 45కు దించితే వేగం కొద్దిగానే తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది. ఖర్చు సున్నా.

ఇక్కడి నుంచి నా అసలు బాధ మొదలవుతుంది. ప్రాసెసర్ వేడిని కూలర్ క్యాబినెట్‌కు ఇచ్చింది, క్యాబినెట్ గదికి ఇచ్చింది. గది ఎవరికి ఇవ్వాలి? స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి పదింటికి దాన్నంతా గదిలోకి కక్కుతుంది. ఇంట్లో చల్లటి గదులు పెద్దలకు, మేడ మీద గది చదువుకునే పిల్లవాడికి, కంప్యూటర్ కూడా వాడితోనే. ప్రాసెసర్‌కు 91 అని చెప్పే అంకె ఉంది. పక్కన బనీనుతో కూర్చున్న పిల్లవాడికి ఆ అంకె కూడా లేదు.

మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు ఉండేవి, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. గుండ్రటి మందపాటి మట్టి గోడ, మోకాటి ఎత్తుకు దిగిన తాటాకు కప్పు. తుఫాను గాలి గోడను చుట్టి పక్కకు పోతుంది, ఎండ గోడను తాకనే తాకదు. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. నిజానికి ఆ సందులే ఆ ఇంటికి ఫ్యాను. తిత్లీ, హుద్‌హుద్ చూసినవాళ్లకు స్లాబు వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పను. 2014లోనూ 2018లోనూ కప్పు ఎగిరిపోయినవాడికి స్లాబే దేవుడు. కానీ స్లాబు వేసుకున్నాక దాని వేడి ఎటు పోవాలో ఒక్క మేస్త్రీ అడగడు, ఒక్క యజమాని చెప్పడు. గదికి ఎదురెదురు కిటికీలు ఉండవు. ఉన్న ఒక్క కిటికీకీ బీరువా అడ్డం. గాజు ముఖం క్యాబినెట్ తయారుచేసిన బుర్రే ఈ గదినీ కట్టింది. పక్కనున్న తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం. మన జిల్లాల్లో ఓటు అడగడానికి వచ్చేవాళ్లను రోడ్ల గురించి నిలదీస్తాం, కాలువల గురించి నిలదీస్తాం. మేడ మీద గది గురించి అడగాలని మనకే తోచదు.

మేనల్లుడు అడిగిన రెండు వేలు నా దగ్గరే మిగిలాయి. అందులో కొంత పెట్టి క్యాబినెట్ వెనక్కి ఒక ఫ్యాను కొన్నాం, రంగు దీపాలు లేనిది, వాడు ఇంకా అలుగుతూనే ఉన్నాడు. మిగిలినదానితో సున్నం తెచ్చాను. ఆదివారం ఎండ ఎక్కకముందే మేడ మీద పూత వేయాలి. నిచ్చెన పక్కింటివాళ్లను అడిగి ఉంచాను.