మైదానం అమ్మే ముందు ఓటు అడగండి

కంచ అంటే గడ్డి కోసం, పశువుల మేత కోసం వదిలిన నేల. పాత ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. హైదరాబాద్‌లో మాత్రం ఆ మాట ఇప్పుడు ఒక కేసు పేరు. కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను 2003లో ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించారు, 2006లో రద్దు చేశారు. 2024 మేలో సుప్రీంకోర్టులో ప్రభుత్వమే గెలిచింది. 2025 మార్చి చివర్లో అమ్మకానికి నేల చదును చేసేందుకు జేసీబీలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి దాదాపు వంద ఎకరాల్లో చెట్లు నేలకొరిగాయి. మిగతా కథ మీకు తెలిసిందే.

నన్ను వదలని విషయం వేరే ఉంది. దాదాపు ఇరవై ఏళ్లు కోర్టుల్లో నలిగిన ప్రశ్న ఒక్కటే: భూమి సర్కారుదా, కంపెనీదా? సరే, సర్కారుదే అని తేలింది. మరి అక్కడ అడవి ఉండాలా, అద్దాల మేడలు ఉండాలా? ఈ మాట ఊరిని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఆ నేల పక్కనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు దెబ్బలు తిని, కేసులు పెట్టించుకుని అడగాల్సి వచ్చింది.

అందుకే నా వాదన సూటిగా చెబుతాను. పార్కు గానీ, మైదానం గానీ, చెరువు ఒడ్డు గానీ, ఇలాంటి బీడు గానీ, నగరంలోని ఉమ్మడి జాగాలో కట్టడం మొదలుపెట్టాలన్నా, వేలం వేయాలన్నా ముందు ఓటర్ల అనుమతి తీసుకోవాలి. చిన్న పార్కయితే ఆ వార్డు ఓటర్లు చాలు. వందల ఎకరాలైతే నగరమంతా ఓటేయాలి.

బెర్లిన్‌లో ఇది జరిగింది. టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం 2008లో మూతపడ్డాక రన్‌వేల మీద జనం సైకిళ్లు తొక్కుకున్నారు, గాలిపటాలు ఎగరేసుకున్నారు. నగర ప్రభుత్వం అంచుల్లో ఇళ్లు కడతామంది. 2014 మే 25న ఓటింగ్ పెడితే 64 శాతం మంది ఒక్క అంగుళం కూడా ముట్టుకోవద్దన్నారు. మైదానం మిగిలింది.

అది జర్మనీ, మనకు కుదరదు అంటారేమో. అయితే మన దేశంలోనే ఉన్న ఒడిశా సంగతి చూడండి. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలని వేదాంత కంపెనీ ప్రాజెక్టు వచ్చినప్పుడు, ఆ కొండ మీద తమ హక్కులేమిటో గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు పల్లెల్లో సభలు పెట్టారు. కొన్నిచోట్ల ఓటర్లు వంద మంది కూడా లేరు. జిల్లా జడ్జి ఎదుట అక్కడి ఆదివాసీలైన డోంగ్రియా కోందులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. పన్నెండుకు పన్నెండు పల్లెలూ వద్దన్నాయి. వేల కోట్ల ప్రాజెక్టు అక్కడితో ఆగింది.

బడి గడప తొక్కని ఆదివాసీ అవ్వ తన కొండ గురించి వేలు చూపించి చెప్పగలిగింది. గచ్చిబౌలిలో రెండు డిగ్రీలు, ఈఎంఐ, ఆస్తిపన్ను రసీదు అన్నీ ఉన్న మనకు ఆ పాటి మాట చెల్లదు. మనకు దక్కేదల్లా పేపర్లో ఓ మూల భూవినియోగ మార్పిడి నోటిఫికేషన్, అభ్యంతరాలకు కొద్ది రోజుల గడువు. అది చదివినవాళ్లెవరైనా మీకు తెలుసా?

ఓటు పెడితే నగరంలో ఇక ఇటుక మీద ఇటుక లేవదని, ఇల్లున్నవాళ్లు లేనివాళ్లను రానివ్వరని ఒక వాదన ఉంది. కొట్టిపారేసేది కాదు, బెర్లిన్‌లో అద్దెలు పెరిగాక ఆ మైదానం చర్చ మళ్లీ లేచింది. కానీ మన దగ్గర వేలం వేసే నేల ఎవరి ఇళ్లకు పోతోంది? 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్ల 75 లక్షలు పలికింది. ఆ రేటు పెట్టి కొన్నవాడు అక్కడ పేదోడికి డబుల్ బెడ్రూం కడతాడా?

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. నగరాలకు స్వపరిపాలన ఇవ్వాలన్న 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి మూడు దశాబ్దాలు దాటింది, మన నగరాలకు మాత్రం ప్రభుత్వమంటూ లేదు. కార్పొరేషన్ కమిషనర్‌ను పంపేది రాష్ట్రం. నగర ప్రణాళికలు వేసే హెచ్‌ఎండీఏకు చైర్మన్ ముఖ్యమంత్రి. పరిశ్రమల కోసం సర్కారు భూములు చూసే రాష్ట్ర సంస్థ టీజీఐఐసీ, కార్పొరేటర్ల మాట వినాల్సిన పనే లేదు. అమ్మేదీ సర్కారే, అనుమతిచ్చేదీ సర్కారే, రేపు అభ్యంతరం విని తీర్పు చెప్పేదీ సర్కారే. మేయర్ రిబ్బన్లు కత్తిరిస్తారు. 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటేయలేదని అందరూ ఓటర్లను తిట్టారు. హైదరాబాదీకి బద్ధకమట! ఓటేసి ఏం తేల్చాలి? దోమల మందు కొట్టే వేళలా? మీ వీధి చివరి మైదానం ఉండాలా వద్దా అని బ్యాలెట్ మీద రాసి చూడండి, క్యూ ఎంత పొడవుంటుందో తెలుస్తుంది.

మా కాలనీ లేఅవుట్‌లో పార్కుకని వదిలిన జాగా ఒకటుంది. నేను ఇక్కడికి వచ్చినప్పుడు పిల్లలు టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడేవాళ్లు. ముందు ఒక మూల నీళ్ల ట్యాంకు లేచింది, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, ఆ పక్కన వార్డు ఆఫీసు గది. ప్రతిసారీ పొద్దున లేచి చూస్తే పునాది తవ్వి ఉండేది. మిగిలిన ముక్క చుట్టూ పోయినేడాది ఇనుప కంచె వేసి, గేటుకు తాళం కొట్టారు. తాళంచెవి ఎవరి దగ్గరుందని కార్పొరేటర్‌ను అడిగితే, కనుక్కుని చెబుతానన్నాడు.